అషియా పైన్ తోటలో పదమూడు రోజులు: యుద్ధానంతర అవాంగార్డ్‌ను చదవడం



మాకు బొమ్మలు చూడడం నేర్పిన మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన అవాంగార్డ్, అంటే పాత పద్ధతులను కాదని కొత్త దారి తొక్కిన, చిత్రకళ గురించి ఏదైనా చెప్పమన్నారు. ఆ 'ఏదైనా' చాలా పెద్దది. 1945 తర్వాత పాతికేళ్లలో న్యూయార్క్, పారిస్, మిలాన్, డ్యూసెల్‌డార్ఫ్, సావోపాలో, టోక్యో నగరాల్లో పుట్టిన బృందాల పేర్లు చదువుకుంటూ పోయినా నాకిచ్చిన గంట గడిచిపోతుంది. పేర్ల జాబితాలంటే మాస్టారికి గిట్టేది కాదు. పుస్తకంలో బొమ్మ చూపించి ఆయన అడిగే మొదటి ప్రశ్న, 'ఇది వేసిందెవరు?' అని కాదు. 'ఈ ఫొటో తీసిందెవరు, ఎవరి కోసం?' అని. అసలు చిత్రాలు కళ్లారా చూసే యోగం లేని మా ఊళ్లలో, ఏ లైబ్రరీ పుస్తకంలోనో అచ్చయిన నలుపు తెలుపు ఫొటోలే మాకు చిత్రకళ. కాబట్టి ఆ ప్రశ్న మాకు సరిగ్గా సరిపోయేది. ఈ పూట ఆ ప్రశ్నను ఒకే ఒక్క బృందం మీద పెట్టి చూస్తాను. దాని పేరు గుటై.

జపాన్‌లో ఒసాకాకూ కోబేకూ మధ్య అషియా అని ఒక చిన్న పట్టణం ఉంది. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, నడుమ ఒక ఏరు, ఏటి ఒడ్డున పైన్ చెట్లు. కలిగినవాళ్లు ఇళ్లు కట్టుకున్న ఊరు. యోషిహారా జిరో అక్కడ ఉండేవాడు. వంటనూనెల వ్యాపారం చేసే కుటుంబంలో 1905లో పుట్టాడు, ఆ కంపెనీని తనే నడిపాడు. బొమ్మలు వేయడం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. యుద్ధానికి ముందే నైరూప్య చిత్రాలు వేసినవాడు. 1954లో, యాభయ్యో పడికి దగ్గరవుతూ, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్లను చుట్టూ చేర్చుకుని గుటై కళాసంఘం పెట్టాడు. పద్దెనిమిదేళ్లలో అందులో చేరినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు అందరూ కలిసి 59 మంది అని లెక్క.

ఆయన పెట్టిన నియమం ఒకటే: ఇంతవరకు ఎవరూ చేయనిది చేసి తీసుకురండి. తెచ్చినదాన్ని చూసి బాగుందనేవాడు, లేదా పనికిరాదనేవాడు. ఎందుకు అని అడిగితే చెప్పేవాడు కాదట. ఇది వినడానికి నియంతృత్వంలాగే ఉంటుంది, కొంత నిజం కూడా. కానీ ఆ కుర్రాళ్లు ఎలాంటి బడిలో చదివి వచ్చారో గుర్తుంచుకోవాలి. దేశమంతా ఒకే మాట పలకాలి, ఒకే దారిన నడవాలి అని చెప్పిన సైనిక పాలనలో పెరిగినవాళ్లు. వాళ్లకు 'ఇంకొకరిలా చేయకు' అన్న మాట కళా సూత్రం కన్నా చాలా పెద్దది.

గుటైకి రాజకీయం లేదని కొట్టిపారేసే విమర్శకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు పోల్చి చూపేది టోక్యోని. 1955లో టోక్యోలో నకమురా హిరోషి, అమెరికా వైమానిక స్థావరం విస్తరణకు ఎదురు తిరిగిన సునగావా రైతుల మీద చిత్రం వేశాడు. అందులో పోలీసులున్నారు, పొలాలున్నాయి, పక్షం ఏమిటో తెలుస్తుంది. అదే ఏడు అషియాలో పైన్ చెట్ల మధ్య గుడ్డలు కట్టారు. ఈ రెండింటిలో ఒకటే యుద్ధానికి జవాబు అనడం నాకు సమ్మతం కాదు. అయితే గుటైవాళ్లు ఆ తర్వాత కూడా దేశంలో రేగిన గొడవల జోలికి పెద్దగా పోలేదన్నది నిజమే. దాన్ని దాచి గొప్పలు చెప్పుకోనక్కర్లేదు.

1955 జులై చివరి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా, పదమూడు రోజులు, ఆ పైన్ తోటలో రాత్రీ పగలూ తెరిచి ఉంచిన ప్రదర్శన జరిగింది. నడివేసవి సూర్యుణ్ని సవాలు చేసే ఆరుబయలు ప్రదర్శన అని పేరు పెట్టారు. టిక్కెట్టు గది, గోడ, తలుపు ఏవీ లేవు. గుటై సభ్యుల్లో షిరాగా కజువో ఎర్ర రంగు పూసిన దుంగలను శంకువులా నిలబెట్టి, గొడ్డలి పట్టుకుని లోపలికి దూరి, లోపలి నుంచి వాటిని నరికాడు. చూసేవాళ్లు కూడా లోపలికి వెళ్లి తలెత్తితే ఆ గాట్లు కనిపిస్తాయి. ఆ పనికి 'దయచేసి లోపలికి రండి' అని పేరు పెట్టాడు. తనాకా అత్సుకో పది మీటర్ల గులాబీరంగు రేయాన్ గుడ్డను నేలకు జానెడెత్తున లాగి కట్టింది. గాలి వచ్చినప్పుడల్లా అది అలలు పోయింది. అంతే. అందులో ఇంకేం లేదు, ఇంకేం అక్కర్లేదు కూడా. ప్రదర్శన ముగిశాక అంతా విప్పేశారు.

మరుసటి ఏడాది వేసవిలో అదే చోట ఇంకోసారి చేశారు. మోతోనాగా సదమాసా ప్లాస్టిక్ గొట్టాల్లో రంగునీళ్లు పోసి చెట్ల మధ్య ఉయ్యాలల్లా వేలాడదీశాడు. కనయామా అకిరా పాదముద్రలు అచ్చొత్తిన పొడవాటి తెల్లటి షీటును తోటంతా పరచి, చివర ఒక చెట్టు మీదికి ఎక్కించాడు. యోషిహారా ఒక పెద్ద బోర్డు నిలబెట్టి, ఇష్టమొచ్చింది గీసుకోండి అన్నాడు. పిల్లలు గీశారు. ఇది యాదృచ్ఛికం కాదు. ఆ ప్రాంతంలో 'కిరిన్' అనే పిల్లల పత్రిక వచ్చేది. గుటై సభ్యులు దానికి రాసేవారు, పిల్లల బొమ్మలు ఎంచి పెట్టేవారు. పిల్లలకు నేర్పడానికి వెళ్లి వాళ్ల దగ్గరే నేర్చుకున్న కళాకారులు వీళ్లు. గుటై మీద వచ్చిన పుస్తకాల్లో ఈ సంగతికి చాలాకాలం రెండు వాక్యాలకు మించి చోటు దొరకలేదు.

ఇక టోక్యో. 1955 అక్టోబరులో ఒహారా కైకాన్ అనే భవనంలో, సంఘం పేరుతో 'మొదటి గుటై ప్రదర్శన' జరిగింది. అందరికీ తెలిసిన ఫొటో అక్కడిదే. షిరాగా ఒంటిమీద దాదాపు ఏమీ లేకుండా, వాకిట్లో పోసిన ఒక టన్ను బరువు బురదలో పడి పొర్లుతూ, దాన్ని తొక్కుతూ, చేతులతో ఎత్తుతూ ఉంటాడు. గోడకు పూసే మట్టిలో సిమెంటు కలిపిన బురద అది. ఒళ్లంతా గీరుకుపోయింది. ఈ ఫొటోను చూసి మనమంతా ఇది 'పెర్ఫార్మెన్స్' అనుకుంటాం. బురదలో మనిషి కదులుతున్న ఆ కొద్ది నిమిషాలే కళ అనుకుంటాం.

అసలు జరిగింది వేరు. షిరాగా లేచి వెళ్లాక ఆ బురదను ఎత్తెయ్యలేదు. అతని ఒంటి గుర్తులతో అలాగే ప్రదర్శనలో ఉంచారు. అతని లెక్కలో అది ఒక చిత్రం. అప్పటికే అతను కుంచె వదిలేసి, పైకప్పు నుంచి తాడు వేలాడదీసుకుని, నేలమీద పరిచిన కాగితం మీద పాదాలతో రంగు తొక్కి బొమ్మలు వేస్తున్నాడు. బురద దానికి కొనసాగింపు. ఆ తర్వాత బతికినంతకాలం, 2008లో పోయేదాకా, ఆ పాదాల చిత్రాలే వేశాడు. 1971లో హియే కొండ మీద బౌద్ధ దీక్ష తీసుకున్నాక కూడా వదల్లేదు. అంటే అతను తనను చిత్రకారుడిగానే చూసుకున్నాడు. ఫొటో మాత్రం అతన్ని ఇంకేదో చేసింది.

ఫొటో ఒక్కటే కాదు, ఫొటోను వాడుకున్న పుస్తకం కూడా. 1966లో అమెరికన్ కళాకారుడు అలన్ కాప్రో, హ్యాపెనింగ్స్ మీద, అంటే కళాకారులు చూపరుల మధ్య జరిపే సంఘటనల మీద, తెచ్చిన పెద్ద పుస్తకంలో గుటైకి చోటిచ్చాడు. గౌరవంగానే ఇచ్చాడు. తమకన్నా ముందు జపాన్‌లో ఈ పని చేసినవాళ్లున్నారని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు గుటైకి ప్రపంచంలో పేరు తెచ్చింది, దాంతోపాటు ఒక పంజరం కూడా తెచ్చింది. అప్పటి నుంచి గుటై అంటే హ్యాపెనింగ్స్‌కు ముందుమాట. ఫొటోలో పడిన పనులన్నీ చరిత్రలోకి వచ్చాయి. పడనివి, ముఖ్యంగా వందలకొద్దీ చిత్రాలు, మూలన పడ్డాయి. ఒకరికి పూర్వీకుడనిపించుకోవడం కూడా ఒక రకంగా చెరిగిపోవడమే.

ఫొటోలో పడని పనికి మంచి ఉదాహరణ ఆ టోక్యో ప్రదర్శనలోనే ఉంది. తనాకా అత్సుకో గది అంచు వెంట ఇరవై ఎలక్ట్రిక్ బెల్లులు, రెండు మీటర్లకొకటి చొప్పున, పెట్టింది. ఒక స్విచ్ పెట్టి, నొక్కండి అని రాసింది. నొక్కితే మొదట కాళ్ల దగ్గర బెల్లు మోగుతుంది. అది ఆగీ ఆగకముందే పక్కది, ఆ తర్వాత దాని పక్కది. మోత మనిషిని విడిచి దూరంగా పోతుంది, గది చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది. నొక్కినవాడు సిగ్గుపడి అటూ ఇటూ చూస్తాడు, ఆపడం చేతకాదు. గదిలోని మిగతా బొమ్మలు చూస్తున్నవాళ్లందరూ అతని వైపు తిరుగుతారు. ఎంత తెలివైన పని! స్థలాన్ని చెవితో గీసింది, చూసేవాణ్ని నలుగురిలో నిలబెట్టింది, అదీ కాస్త తీగ, కొన్ని బెల్లులతో. నా మటుకు ఆ ప్రదర్శనలోకెల్లా గొప్ప పని అదే. కానీ ఫొటో తీస్తే ఏముంటుంది? నేలమీద తీగ, కొన్ని గుండ్రటి డబ్బాలు. అందుకే ఆ బెల్లులకు రావలసిన పేరు రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఆమెకు పేరు తెచ్చింది మరుసటి ఏడు చేసిన 'ఎలక్ట్రిక్ డ్రెస్'. ఒసాకా స్టేషన్ దగ్గర మందుల కంపెనీ నియాన్ ప్రకటన చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్పింది. రకరకాల రంగులు పూసిన బల్బులు, ట్యూబులు, సుమారు రెండు వందలు, తీగలతో సహా తలనుంచి కాళ్లదాకా. మన పెళ్లి పందిళ్లకు చుట్టే రంగు బల్బుల తీగల్ని ఒక మనిషికి చుట్టి, ఆరుతూ వెలుగుతూ ఉండే మీట నొక్కినట్టు ఊహించుకోండి. అది తొడుక్కుని నిలబడింది. వేడి, బరువు, షాక్ కొడుతుందేమోనన్న భయం. వెలుతురే కనబడుతుంది, లోపలి ఆడమనిషి కనబడదు. జపనీస్ అమ్మాయంటే కిమోనో అనుకునే లోకంలో ఆమె వేసుకున్న బట్ట ఇది. ఆ తర్వాత ఆమె యాభై ఏళ్లపాటు వేసిన చిత్రాలన్నిటిలోనూ వృత్తాలు, వాటిని అల్లుకున్న గీతలు ఉంటాయి. అవి బల్బులు, తీగలు. 1965లో ఆమె గుటైని వదిలి వెళ్లిపోయింది, ఆ బల్బుల్ని మాత్రం వదల్లేదు. 2005లో చనిపోయింది.

ఇప్పుడు మ్యూజియంలో మనం చూసే ఎలక్ట్రిక్ డ్రెస్ 1956 నాటిది కాదు, 1986లో మళ్లీ చేసినది. గుటై పనుల్లో చాలావాటి సంగతి ఇదే. దీన్ని మోసం అనకూడదు, అసలు అనీ అనకూడదు. మళ్లీ చేసేటప్పుడు ఆ కాలపు బల్బులు దొరుకుతాయా, వైరింగు ఈనాటి భద్రతా నియమాలకు లోబడాలా, దాన్ని ఎవరైనా తొడుక్కోవచ్చా అన్న ప్రశ్నలు వస్తాయి. ఒక్కో జవాబుకు ఒక్కో వస్తువు తయారవుతుంది. విద్యార్థులు బోర్డు మీద శీర్షిక, సంవత్సరం రాసుకుని ముందుకు పోతారు. ఆ సంవత్సరం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే రెండో సంవత్సరం చదవడం దగ్గరే అసలు చదువు మొదలవుతుంది.

ఇందాకటి ఫొటోలు తీయించింది కూడా గుటైవాళ్లే అన్న సంగతికి వస్తాను. గుటై సభ్యుడు మురకామి సబురో వరసగా నిలబెట్టిన కాగితపు చట్రాలను ఒంటితో చీల్చుకుంటూ దూసుకుపోయిన ఫొటోను మీరు చూసే ఉంటారు. తీసింది ఒత్సుజి కియోజి, తానూ అవాంగార్డ్ కళాకారుడే. 1956 ఏప్రిల్‌లో అమెరికన్ 'లైఫ్' పత్రిక ఫొటోగ్రాఫర్ల కోసం గుటైవాళ్లు ఒకే ఒక్కరోజు ప్రదర్శన పెట్టారు, బాంబుదాడిలో పాడుబడ్డ కర్మాగారపు శిథిలాలు కూడా అందుకు వాడుకున్నారు. లైఫ్ ఆ ఫొటోలు వేసుకోలేదు. కానీ యోషిహారా కెమెరా కన్ను ఎటు చూస్తుందో లెక్కేసి మరీ పని చేశాడని దీంతో తెలుస్తుంది. ఎదురుగా ఉన్న పదిమంది కన్నా సముద్రాల అవతల ఉన్న చూపరి మీదే ఆయనకు గురి ఎక్కువ.

అందుకే పత్రిక. 1955 జనవరి 1న 'గుటై' పత్రిక మొదటి సంచిక వచ్చింది. 1965 దాకా పద్నాలుగో నంబరు వరకు వెళ్లింది, మధ్యలో 10, 13 రాలేదు. జపనీస్ పక్కన ఇంగ్లీషు ఉండేది. దేశదేశాల కళాకారులకు, విమర్శకులకు పోస్టులో పంపేవారు. 1956 ఫిబ్రవరిలో గుటై సభ్యుడు షిమామోతో షోజో రెండు, మూడు సంచికలను అమెరికాలో నైరూప్య చిత్రకారుడు జాక్సన్ పోలాక్‌కు పంపాడు. ఆ ఆగస్టులో పోలాక్ కారు ప్రమాదంలో పోయాడు. ఆయన పుస్తకాలు సర్దుతుంటే బి.హెచ్. ఫ్రీడ్‌మన్ అనే రచయితకు ఆ రెండు సంచికలు కనిపించాయి. అతను అషియాకు ఉత్తరం రాశాడు. నాకు ఈ చిన్న సంఘటన చాలా ఇష్టం. పోలాక్ ప్రభావం గుటై మీద ఉందని ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఉంది కూడా. 1951లో పోలాక్ చిత్రాలు జపాన్‌లో ప్రదర్శించారు, యోషిహారాకు వాటి మీద గౌరవం ఉంది, 1956 డిసెంబరులో అచ్చయిన తన మానిఫెస్టోలో పేరు పెట్టి మరీ చెప్పాడు. కానీ 'ప్రభావం' అంటే నీరు పల్లానికే పోతుందని మనం అనుకుంటాం. ఇక్కడ మాత్రం అషియాలో తయారైన కాగితం ఎదురెక్కి పోలాక్ ఇంటి అల్మరాలోకి వెళ్లింది.

1957 సెప్టెంబరులో పారిస్ విమర్శకుడు మిషెల్ తపియే జపాన్ వచ్చాడు. అప్పటికి ఐరోపాలో 'ఎన్‌ఫార్మెల్' పేరుతో రూపం కట్టని చిత్రకళను ప్రచారం చేస్తున్నాడు. గుటైని చూసి మురిసిపోయాడు, పత్రిక ఎనిమిదో సంచికకు సహ సంపాదకుడయ్యాడు. అతనికి కావలసింది కాన్వాసు. చుట్టి విమానంలో వేసుకుపోవచ్చు, గ్యాలరీలో అమ్మొచ్చు. గాలికి ఊగే గుడ్డను ఎవరు కొంటారు? గుటైని తపియే పాడుచేశాడని చాలామంది అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. పెద్ద కాన్వాసుల మీద షిరాగా, తనాకా గొప్ప పని చేసింది ఆ కాలంలోనే. కానీ బెల్లులు, నీళ్లు, బురద వెనక్కి పోయాయన్నదీ నిజం.

1958 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని మార్తా జాక్సన్ గ్యాలరీలో గుటై ప్రదర్శన పెట్టారు. వెళ్లింది ఎక్కువగా కాన్వాసులే. న్యూయార్క్ టైమ్స్‌లో డోర్ ఆష్టన్ రాసిన సమీక్షతో సహా అక్కడి మాట, ఇవి మన అమెరికన్ నైరూప్య చిత్రాలకు నకళ్లు అన్నదే. ఎవరినీ అనుకరించవద్దని పెట్టుకున్న సంఘం, అనుకరణ అన్న ముద్రతో ఇంటికి తిరిగి వచ్చింది. కళాచరిత్రకారిణి మింగ్ తియాంపో 2011లో ప్రచురించిన గుటై పుస్తకంలో దీన్ని విడమర్చి చెప్పారు. కేంద్రాలు ముడిసరుకును దిగుమతి చేసుకుంటాయి, తయారైన సరుకును మాత్రం తమ పేరుతోనే ఎగుమతి చేస్తాయి అన్నది ఆవిడ వాదన సారం. ఆ వాదన మన వలస ఆర్థిక చరిత్ర చదివినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

దీనికి విరుగుడుగా మనలో కొందరు తేదీల పందెం వేస్తారు. పారిస్‌లో చిత్రకారుడు ఈవ్ క్లైన్ ఒంటికి రంగు పూసిన ఆడవాళ్లతో బొమ్మలు వేయించింది 1960లో, షిరాగా బురద 1955లో, కాబట్టి మనవాడే ముందు అని. ఆసియావాడు కనుక మనవాడు! ఈ పందెంలో గెలిచినా లాభం లేదు, ఎందుకంటే పందెం పెట్టింది, గీత గీసింది అవతలివాళ్లే. క్లైన్ పక్కన నిలబడి సూచనలిచ్చాడు, షిరాగా తనే బురదలో దిగాడు. ఆ తేడా గురించి మాట్లాడితే ఏమైనా తెలుస్తుంది, ఐదేళ్ల తేడా గురించి మాట్లాడితే ఏమీ తెలియదు. కళాచరిత్రకారిణి రేకో తొమీ తన 2016 పుస్తకంలో, ఒకరినొకరు ఎరిగి చేసినవాటిని, ఎరగకుండానే ఒకే కాలంలో ఒకేలా మోగినవాటిని విడివిడిగా చూడమంటారు. నాకు తెలిసి ఈ రంగంలో పనికొచ్చే సలహా అదే.

మిగతా కథ వేగంగా చెబుతాను. 1960లో ఒసాకాలో తకషిమయా డిపార్టుమెంటు స్టోరు పైకప్పు నుంచి బెలూన్లకు కట్టి విదేశీ కళాకారుల బొమ్మలను ఆకాశంలోకి పంపారు. 1962లో యోషిహారా తన పాత గిడ్డంగులను గుటై పినకొతేకా అనే ప్రదర్శనశాలగా మార్చాడు. అమెరికన్ సంగీతకారుడు జాన్ కేజ్, చిత్రకారుడు రౌషెన్‌బర్గ్ లాంటివాళ్లు అక్కడికి వచ్చి వెళ్లారు. అదే ఏడు ఒక పెట్టె తయారుచేశారు. పది యెన్‌ల నాణెం వేస్తే చేత్తో వేసిన పోస్టుకార్డు ఒకటి బయటికి వచ్చేది. చూడ్డానికి యంత్రం, లోపల మాత్రం గుటై సభ్యుడే కూర్చుని కార్డు అందించేవాడు. 1970 ఒసాకా ఎక్స్‌పోలో ప్రభుత్వ, కంపెనీల సంబరంలో గుటై పాలుపంచుకుంది, దానికి తిట్లు కూడా తిన్నది. 1972 ఫిబ్రవరిలో యోషిహారా మరణించాడు, మార్చిలో సంఘం రద్దయింది. 2013లో న్యూయార్క్ గుగెన్‌హైమ్‌లో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు మోతోనాగా రంగునీళ్ల గొట్టాలు ఆ గుండ్రటి భవనం నడుమ వేలాడాయి. అప్పటికి ఆయన లేడు. కొత్తగా అక్కడి కోసం ఆయన చేసిపెట్టిన ప్రణాళిక ప్రకారం కట్టారు.

ఇదంతా చదవడానికి వీలైంది దేనివల్ల? గుటైవాళ్లు ఫొటోలు, పత్రికలు, ఉత్తరాలు, ఆహ్వాన పత్రాలు అట్టేపెట్టారు. వాటిని అషియా పట్టణపు మ్యూజియం, ఒసాకా మ్యూజియంలు భద్రపరిచాయి. యోషిహారా దగ్గర డబ్బుంది, అది నిజం. కానీ ఉత్తరాలు దాచడానికి డబ్బు అంతగా అక్కర్లేదు.

ఈ హాల్లో చిత్రకారులున్నారు, చిత్రకారుల పిల్లలున్నారు. హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో మీ నాన్నగార్లు, పెద్దనాన్నలు నలుగురు కలిసి పెట్టిన ప్రదర్శనల కార్డులు, గెస్టుబుక్కులు, సైక్లోస్టైల్ చేసిన నోటీసులు ఇంకా ఏ అటకమీదో ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు వాటిని పాతకాగితాలవాడికి వేయకండి. ఫొటో దొరికితే వెనక్కి తిప్పి, తీసిందెవరో, ఏ ఏడో, పక్కన నిలబడినవాళ్లెవరో పెన్సిలుతో రాయండి. ఆ పని ఈ వారమే చేయండి, చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.